అమ్మ గడ్డం

తెలుగులో చుబుకానికీ, దాని మీద మొలిచే వెంట్రుకలకీ ఒకటే మాట, గడ్డం. బళ్ళో పిల్లలకు పాఠం చెబుతుండగా ఆ మాట వస్తే ఇప్పటికీ నా నోరు ఒక్క క్షణం ఆగిపోతుంది. మా వైపు ఎవర్నైనా బతిమాలాలంటే గడ్డం పట్టుకుంటాం. హాస్టల్‌కి పోనని చిన్నప్పుడు నేను మా అమ్మ గడ్డం పట్టుకునే ఏడ్చేదాన్ని. చివరి రోజుల్లో ఆమె ఆ గడ్డం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అక్కడ వెంట్రుకలు మొలిచాయి. ఒక మందు వల్ల మొలిచాయి. ఆ వెంట్రుకలకు సిగ్గుపడి మా అమ్మ చచ్చిపోయింది. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, చెప్పాలనీ లేదు.

మాది అరకు నుంచి లోపలికి పోయే దారిలో, జీపులు ఆగిపోయే చోటు దాటి ఇంకో కొండ ఎక్కితే వచ్చే ఊరు. ఇంటి వెనక వాలులో సిల్వర్ ఓక్ చెట్ల కింద మాకు కొంచెం కాఫీ తోట ఉంది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అప్పట్నుంచి తోట పనంతా అమ్మదే. పక్కింట్లో మా అత్త, అంటే నాన్న చెల్లెలు, తోడుండేది. నేను చదువుకుని కింద ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరునయ్యాను. సెలవులకే ఇంటికి వెళ్ళేదాన్ని.

వాలులో ఎక్కీ దిగీ అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో బుట్ట నడుముకు కట్టుకుని, చెట్టుకీ చెట్టుకీ మధ్య చతికిలబడిపోయేది. లేవాలంటే కొమ్మ పట్టుకోవాలి. పసరు రాసింది, వేడి రాయి కాపడం పెట్టింది, ఏదీ పట్టలేదు. అప్పుడు సంతలో మందు దొరికింది.

సంత రోజు ఒకడు మోటార్‌సైకిల్ మీద సంచీ వేసుకుని వచ్చేవాడు. ఎండుచేపల వరస చివర గోనె పరుచుకుని కూర్చునేవాడు. అందరూ వాణ్ణి బండి డాక్టరు అనేవారు. డాక్టరూ కాదు, పాడూ కాదు. ఎక్కడో ఒక క్లినిక్‌లో కొన్నాళ్ళు పనిచేశాడట, అంతే. ఏ నొప్పని చెప్పినా కాగితం ముక్కలో మందు కట్టి ఇచ్చేవాడు. అందులో చిన్న తెల్ల బిళ్ళ ఒకటి, పచ్చ బిళ్ళ ఒకటి, ఒక గొట్టం మాత్ర. దానికి పేరు లేదు. మా వాళ్ళు కాళ్ళ బిళ్ళ అన్నారు. ఇంటింటా ఉప్పు ఉన్నట్టు కాళ్ళ బిళ్ళా ఉండేది.

నిజం దాచి లాభం లేదు, అది పనిచేసింది. అమ్మ మళ్ళీ వాలు ఎక్కింది. ఆకలి పెరిగింది. ఎప్పుడూ ఎముకల గూడులా ఉండే మనిషికి బుగ్గలు వచ్చాయి, మొహం గుండ్రంగా నిండింది. చూసిన ప్రతివాళ్ళూ ఒళ్ళు చేశావు అనడమే. ఆ మాట వినడం అమ్మకు ఎంత ఇష్టమో చెప్పలేను. జన్మలో మొదటిసారి ఆమెను ఎవరైనా ఒళ్ళు చేశావు అన్నారు మరి.

అత్త ఊరుకుంటుందా? "ఒదినా, మా అన్న ఉన్నన్నాల్లూ ఎండుపుల్లలాగుండేవు. ఇప్పుడు పెల్లికల ఒచ్చిందేటి నీకు? ఎవుడే ఆడు?" అనేది. అమ్మ చేతిలో ఏది ఉంటే అది విసిరేది. మాలో వదినా ఆడబిడ్డల పరాచికాలకు హద్దులుండవు. అనాలి, అనిపించుకోవాలి, తిరిగి అనాలి. అనకపోతేనే ఏదో మనసులో పెట్టుకున్నట్టు లెక్క. ఇది గుర్తుపెట్టుకోండి. మా అత్త మీద మీకు కోపం రాకూడదు.

తరవాత వెంట్రుకలు వచ్చాయి. మొదట చెవుల పక్కన మొక్కజొన్న పీచులాంటి నూగు. ఎండలో నిలబడితేనే కనిపించేది. అది దవడ వెంట కిందికి పాకింది. పై పెదవి మీద నల్లబడింది. గడ్డం మీద ముదిరింది. నుదుటి మీద జుట్టు ముందుకు జరిగి కనుబొమల్ని అందుకోబోయింది. ముంజేతుల మీద కూడా. నేను దసరా సెలవులకు వెళ్ళేసరికి అమ్మ నాకు ఎదురుగా కూర్చోవడం మానేసింది. పక్కకు తిరిగి కూర్చుని మాట్లాడేది. ఏమైందమ్మా అని గడ్డం పట్టుకోబోతే నా చెయ్యి విదిలించి కొట్టింది. అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

మధ్యాహ్నాలు అత్త ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, పొయ్యిలో బూడిద వేళ్ళకు అద్దుకుని ఒక్కొక్క వెంట్రుకా పీకేది. అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారేవి గాని కిక్కురుమనేది కాదు. చర్మం పలచబడిపోయింది, ముట్టుకుంటే కమిలి నీలం మచ్చ పడేది. పీకిన చోట పుండ్లు లేచాయి. పుండు మానేలోపు వెంట్రుక మళ్ళీ వచ్చేది. బ్లేడు పెడదామని నేనంటే అత్త కయ్యిమంది. "బ్లేడెడితే మొండి మొలకలొత్తాయే గుంటా. ఇంక మగోడి గడ్డమే అయిపోద్ది." విశాఖ నుంచి నేను తెచ్చిన క్రీము రాస్తే సగం బుగ్గ ఊడివచ్చినంత పనయింది.

ఆఖరికి ఒక తువ్వాలు తీసి దవడ కింద నుంచి నడినెత్తి మీదికి కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరైనా పన్ను నొప్పా అంటే అవును అనేది. ఒక మనిషికి ఏడాది పొడుగునా పన్ను నొప్పి ఉంటుందా? ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసే అడిగేవారు, తెలిసే తలూపేవారు.

ఆ వెంట్రుకలు ఎందుకు వచ్చాయో మాకు చెప్పింది డాక్టరు కాదు, చీపుర్లు అమ్ముకునే మనిషి. ఏడాది దాటాక, సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు నేనూ సంతకు వెళ్ళాను. అమ్మ పసుపు కొమ్ములు పెట్టుకుని కూర్చుంది. అవతలి కొండ నుంచి వచ్చిన ఒకామె చీపురు కట్టలు దించుకుని పక్కన చోటు అడిగింది. నేను తలెత్తి చూసి ఉలిక్కిపడ్డాను. అదే గుండ్రటి మొహం, అవే ఎర్రటి బుగ్గలు, చెవుల పక్కన అదే నూగు. మా అమ్మకు చెల్లెలని చెబితే ఎవరైనా నమ్ముతారు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆమె అమ్మ తువ్వాలు వైపు చూసి, గొంతు తగ్గించి, "నీదీ కాల్ల బిల్లేనా?" అంది. అమ్మ తువ్వాలు ముడి బిగించుకుంది. తరవాత నేను ఆ సంతంతా కలియతిరిగాను. ఉల్లిపాయల దగ్గర ఒకామె, గాజుల దగ్గర ఇంకొకామె. వాడి మందు తినే ఆడవాళ్ళందరూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు.

తిన్నగా వాడి దగ్గరికి పోయాను. ఆ తెల్ల బిళ్ళ ఏమిటి, దాని పేరు చెప్పు అన్నాను.

"పేరుతో నీకేం పనమ్మా? నొప్పి పోయిందా లేదా?"

"మొహం నిండా వెంట్రుకలు వచ్చాయి."

"వయసు మీద పడ్డాక ఆడవాళ్ళకి అలాగే వస్తాయి. వేడి చేసుంటాది. మజ్జిగ తాగించు."

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. పోలీసులకు చెబుతానన్నాను. జనం మూగారు. ఈలోగా అమ్మ వచ్చి నా జబ్బ పట్టుకుని లాక్కుపోయింది. నలుగురిలో అలా అరిచినందుకు కోప్పడుతుందనుకున్నాను. కాదు. "ఊరుకోయే! రేపు ఆడు బిల్లలియ్యకపోతే నానెలాగ కొండెక్కేది?" అంది. నా కోపం అంతా నీరుగారిపోయింది.

సర్కారు ఆసుపత్రికి రమ్మని పోరాను. అక్కడి డాక్టరు కుర్రాడు. "ఆ గుంటడి ముందు ఈ మూతి ఇప్పి సూపించమంటావేటి? సిగ్గునేదా నీకు?" అంది. ఆడ డాక్టరు ఉన్న చోటికి తీసుకెళ్తానన్నాను. వేసవి సెలవులకు చూద్దాంలే అంది. అలాగేనని మాట అనుకున్నాం.

సెలవుల కన్నా ముందు చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగకి మగవాళ్ళు విల్లమ్ములు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఇప్పుడు వేట పేరుకే, కాని పోవడం మాత్రం పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, వచ్చే పోయే బళ్ళను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. వేట లేకుండా ఉత్త చేతులతో వచ్చిన మగాడి మీద పేడనీళ్ళు పోస్తారు. ఆ వారం రోజులూ ఆడవాళ్ళ నోటికి అడ్డుండదు. ఎంత పెద్దమనిషినైనా ఏ మాటైనా అనొచ్చు. పడ్డవాడు నవ్వాలి.

నేను ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళాను. పొద్దున్నే మగవాళ్ళు బయల్దేరుతున్నారు. అమ్మ మాతో పాటు తాడు పట్టుకుని నిలబడింది. చెమటకి తువ్వాలు జారింది. అత్త చూసింది, పండగ ఊపులో ఉంది, జీలుగు కల్లు తాగి ఉంది. అమ్మ చేతిలోంచి తాడు లాగేసుకుంది. "ఒదినా! మీసాలెట్టుకుని ఆడోల్ల తాడు అట్టుకున్నావేటే? పో, విల్లట్టుకుని మగోల్ల ఎనకాల ఎల్లు!" అని ఎవరి దగ్గరో పాత విల్లు ఒకటి గుంజుకుని అమ్మ చేతిలో పెట్టింది.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అది పండగ. నవ్వకపోతే అమ్మకి ఇంకా చిన్నతనం. అమ్మ కూడా నవ్వింది. అంతేనా, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, విల్లు భుజాన వేసుకుని, ఛాతీ విరుచుకుని మగవాళ్ళ వెనక కొంతదూరం నడిచింది. నడక ఎంత బాగా పట్టిందంటే వెనక్కి తిరిగి చూసిన మగవాళ్ళు కూడా కడుపు పట్టుకున్నారు. ఆ తరవాత వచ్చి విల్లు ఇచ్చేసింది. తువ్వాలు బిగించుకుంది. మళ్ళీ తాడు పట్టుకోలేదు. ఇంటికి పోయింది. కాళ్ళు లాగుతున్నాయేమో అనుకున్నాం.

ఆ రోజే ఇంట్లో ఉన్న కాళ్ళ బిళ్ళ పొట్లాలన్నీ పొయ్యిలో పడేసింది. వెనకాలే వెళ్ళిన అత్త చూసింది. "కాల్లు పోతే పోనీ. మూతి బాగైతే సాలు" అందట. మంచిదే కదా, ఆ పాడు బిళ్ళ మానేస్తే పీడా పోయిందనుకుంది అత్త. నేను అక్కడ ఉన్నా అదే అనుకునేదాన్ని. ఎవరు మాత్రం ఏమనుకుంటారు? వెంట్రుకలు తెచ్చేది ఆ బిళ్ళ, బిళ్ళ మానితే వెంట్రుకలు పోతాయి. ఇందులో తెలివితక్కువ ఎక్కడుంది? మా అమ్మ తన రోగాన్ని తనే కనిపెట్టింది, తనే వైద్యం చేసుకుంది.

ఆ సాయంత్రం నేను బస్సెక్కి బడికి వెళ్ళిపోయాను. ఒకటి రెండు రోజులు బాగానే ఉందట. తరవాత మోకాళ్ళు మునుపటికంటే గట్టిగా పట్టేశాయి. అది ఆమె అనుకున్నదే, పళ్ళబిగువున ఓర్చుకుంది. ఆ తరవాత మంచం మీంచి లేవలేకపోయింది. తిన్నది తిన్నట్టు వాంతి. పండగ మాంసం పడలేదన్నారు. జ్వరం తగిలింది. మలేరియా అన్నారు. మా కొండల్లో ఒళ్ళు వెచ్చబడితే ముందు వచ్చే పేరు అదే. అత్త సిగ్నల్ దొరికే రాయి దాకా ఎక్కి నాకు ఫోన్ చేసింది. "బేగి రాయే గుంటా. మీ యమ్మ లెగనేకపోతన్నాది. పిలిత్తే పలకతన్నాది గానీ మాట నిలవట్లేదు."

నేను చేరేలోపే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చి, అంబులెన్సులో దగ్గర ఊరి ఆసుపత్రికి చేర్చారు. అక్కడ జరిగింది నాకు అత్త చెప్పింది. డాక్టరు మంచివాడే. నాడి చూశాడు, రక్తం తీయించాడు, సెలైన్ పెట్టించాడు. అమ్మా, మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. అమ్మ తువ్వాలులోంచే జవాబు చెప్పింది. "నేదు బాబూ. ఏటీ ఏసుకోను." ఎంత నిజం! ఆ రోజు ఆమె ఏ మందూ వేసుకోవడం లేదు. అతను ఇంకోలా అడిగి ఉండాల్సింది, ఏమైనా మానేశావా అని. అలా ఎవరు అడుగుతారు? తువ్వాలు తియ్యమంటే పన్ను నొప్పి అంది. అతను వదిలేశాడు. వార్డు నిండా జ్వరాలు, అతనొక్కడు.

బీపీ ఎంతకీ పైకి రాకపోయేసరికి విశాఖ పెద్దాసుపత్రికి రాశారు. నేను ఆ అంబులెన్సుని ఘాట్ రోడ్డు మొదట్లో అందుకున్నాను. దారంతా అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. చెయ్యి మంచులా చల్లగా ఉంది. నేను అరిచీ ఏడ్చీ డ్రైవర్ని తిట్టీ నా గొంతు పోయింది. ఆ మలుపుల్లో అతను మాత్రం ఎంత తొందరగా పోతాడు, పాపం.

విశాఖలో చూసింది ఒక ఆడ డాక్టరు. రాగానే తువ్వాలు విప్పబోయింది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేని అమ్మ చెయ్యి లేచి తువ్వాలును గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు విడిపించడానికి నేనూ నర్సూ కలిసి ఒక్కొక్క వేలే తియ్యాల్సి వచ్చింది. డాక్టరు ఆ మొహం చూసింది, ఒక్క చూపు. చీర తప్పించి పొట్ట మీది ఊదారంగు చారలు చూసింది. ముంజేతి మీది నీలం మచ్చలు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి స్టెరాయిడ్ వాడుతోంది?" అని నన్ను అడిగింది.

ఆ మాట నేను వినని మాటేం కాదు, కాని మా ఇంటికి సంబంధించిందని అనుకోలేదు. "కాళ్ళ బిళ్ళ... సంతలో ఇస్తారు" అన్నాను.

"ఇప్పుడూ వేసుకుంటోందా?"

"నేదమ్మా, మానేసింది. పండగ కాడే మానేసింది" అంది అత్త. ఏదో మంచి కబురు చెప్పినట్టు చెప్పింది. నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. డాక్టరు ఒక్క క్షణం అత్త వైపు చూసి, నర్సుని కేకేసి ఇంజెక్షన్ తెప్పించింది.

తరవాత నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. ఆ మందు ఏళ్ళ తరబడి తింటే, ఒంట్లో సహజంగా ఊరాల్సింది ఊరడం మానేస్తుందట. నెమ్మది నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలట. ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు నిలబడలేదట. అందులో జ్వరం కూడా తోడైంది. "మొదటే తెలిసుంటే బాగుండేది. చాలా ఆలస్యంగా వచ్చారు" అంది. ఆమె ఎవర్నీ తప్పుపట్టలేదు. నేను గోడకి తలబాదుకున్నాను. ఏ వెంట్రుకల్ని మా అమ్మ చచ్చేంత సిగ్గుతో దాచుకుందో, ఆమె రోగం చెప్పగలిగినవి అవే. వాటిని మొదటి ఆసుపత్రిలో ఎవరైనా చూసి ఉంటే ఆమె బతికేది. ఒక తువ్వాలు అడ్డం వచ్చింది.

బండి డాక్టరు మా సంతకు రావడం మానేశాడు. ఇంకో సంతలో గోనె పరుస్తున్నాడని విన్నాను. వాణ్ణి ఏం చేశారని అందరూ అడుగుతారు. ఏమీ చెయ్యలేదు. చూపించడానికి పొట్లాలు లేవు, పొయ్యిలో కాలిపోయాయి. ఆ బిళ్ళ తినేవాళ్ళెవరూ వాడి పేరు చెప్పరు, చెబితే రేపు కొండెక్కేదెలా? ఆ ఆడవాళ్ళకి మాత్రం కనబడినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. ఒక్కసారిగా మానొద్దు, ఆసుపత్రికి పోయి మొహం చూపించండి అని. కొందరు వింటారు. అత్త ఇప్పుడు ఎవరితోనూ పరాచికాలు ఆడదు. పండగలో ఊళ్ళో కోడళ్ళు వచ్చి ఏదైనా అన్నా తిరిగి అనదు. అది చూస్తే నాకు ఇంకా బాధ.

విశాఖలో ఆ ఇంజెక్షన్ పడ్డాక, మధ్యాహ్నం అమ్మకు కాసేపు తెలివొచ్చింది. మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. బతికేసిందని నేను పిచ్చిదానిలా సంబరపడ్డాను. మర్నాడు తెల్లవారేసరికి లేదు. కాని ఆ మధ్యాహ్నం నన్ను గుర్తుపట్టింది. నేనూ అత్తా మంచానికి చెరో పక్కా ఉన్నాం. అమ్మ చెయ్యి దుప్పటి కింద నుంచి మెల్లగా పైకి వచ్చి దవడ దగ్గర ఆగింది.

"తగ్గిందేటే?" అంది.

జ్వరమేమో అనుకుని, తగ్గుతుందమ్మా అన్నాను. కాదన్నట్టు తలాడించింది. వేళ్ళు గడ్డం మీద కదిపింది. ఆ వేళ్ళకి ఏమీ తెలియడం లేదు, స్పర్శ లేదు. అత్తకి ముందు అర్థమయింది. నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పరుగెత్తింది. నేను అమ్మ మొహం చూశాను. ఒక్క వెంట్రుకా పోలేదు. పాలిపోయిన చర్మం మీద అవి ఇంకా నల్లగా కనిపిస్తున్నాయి.

"తగ్గిందమ్మా. నున్నగా అయిపోయింది" అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. మొహం తేటపడింది.

"అయితే మానీసి మంచి పనే సేసేను" అంది.

"అవునమ్మా" అన్నాను. "మంచి పనే చేశావు."